మూఢం వచ్చినా ఈఎంఐ ఆగదు

ప్రశ్న: నా వయసు 29. మాదాపూర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తూ నిజాంపేటలో అద్దెకు ఉంటున్నాను. చేతికి వచ్చే జీతం 62,000 రూపాయలు. అద్దె 17,000, ఊళ్లో అమ్మానాన్నలకు 12,000, బైకు వాయిదా 4,200, తిండి, ప్రయాణం వగైరా 18,000, చీటీ 5,000 పోగా నెలకు 5,800 మిగులుతోంది. చీటీ లక్ష రూపాయలది, 20 నెలలు, ఇప్పటికి ఆరు నెలలు కట్టాను. బ్యాంకులో 31,000 ఉన్నాయి. వారాంతాల్లో మిత్రులతో కలిసి పెళ్లి సంగీత్‌లలో గిటార్ వాయిస్తాను. గడచిన ఏడాదిలో 81,000 చేతికి అందాయి. డిజిటల్ సౌండ్ మోడలింగ్ (ఇతర గిటార్ల ధ్వనిని అనుకరించే ఏర్పాటు) లోపలే అమర్చిన ఎలక్ట్రిక్ గిటార్‌ను 1,48,000కు కొనాలనుకుంటున్నాను. క్రెడిట్ కార్డు మీద 98,000ను 16 శాతం వడ్డీతో 18 వాయిదాలుగా మార్చుకుని, మిగిలిన 50,000ను ఒక లోన్ యాప్ నుంచి 30 శాతం వడ్డీతో ఏడాదికి తీసుకుంటాను. ఒక్క గిటార్ అయిదారు గిటార్ల పని చేస్తుంది కనుక నాలుగు లక్షలు ఆదా అవుతాయని, ప్రదర్శనల డబ్బే వాయిదాలు కట్టేస్తుందని నా లెక్క. లేదా చీటీ ఇప్పుడే పాడుకోమంటారా? దుకాణంలో 3,000 అడ్వాన్సు ఇచ్చాను.

జవాబు: అప్పు చేయబోయే యువకులలో నాకు తరచుగా కనిపించే ఒక పొరపాటు మీ ఉత్తరంలో అంకెలతో సహా ఉన్నందువల్ల దీనికి కొంత వివరంగా సమాధానం రాస్తున్నాను. అప్పుడప్పుడు వచ్చే ఆదాయాన్ని పన్నెండుతో భాగించి, ఆ సగటును జీతంలాగా నెలనెలా వచ్చే సొమ్ముగా భావించి, దాని భరోసాతో ప్రతి నెలా తప్పకుండా కట్టవలసిన వాయిదాను నెత్తికెత్తుకోవడమే ఆ పొరపాటు.

పైపైన చూస్తే మీ లెక్క సరిపోతుంది, చిక్కంతా అక్కడే ఉంది. ప్రదర్శనల సగటు నెలకు 6,750, జీతంలో మిగులు 5,800, మొత్తం 12,550. కార్డు వాయిదా సుమారు 6,160, యాప్ వాయిదా సుమారు 4,874, రెండూ కలిపి 11,034. కాగితం మీద ఇంకా పదిహేను వందలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ మీకు డబ్బు వచ్చేది పెళ్లిళ్ల నుంచి, పెళ్లిళ్లు జరిగేది ముహూర్తాలను బట్టి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లు ఎలా బోసిపోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. వాటికి తోడు శుక్ర మూఢం వస్తే ఒక్కోసారి రెండు నెలలకు పైగా సాగుతుంది. ఆ నెలల్లో మీ చేతికి వచ్చేది 5,800, కట్టవలసింది 11,034. నెలకు 5,234 చొప్పున నాలుగు ఖాళీ నెలలు గడిచేసరికి దాదాపు 21,000 తరిగిపోతుంది, అంటే మీ బ్యాంకు నిల్వలో మూడింట రెండు వంతులు. ప్రదర్శన ముగిశాక ఈవెంట్ నిర్వాహకులు డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారన్నది వేరే కథ.

నేను ఎప్పుడూ పట్టుబట్టే మాటకు ఇప్పుడు వస్తాను. చీటీతో కలిపి మీ నెల ఖర్చు 56,200. మీ దగ్గర ఉన్నది 31,000. అంటే రేపు ఉద్యోగం పోతే మీరు నిలదొక్కుకోగలిగేది పదహారు రోజులు. ఈ రెండు రుణాలు తీసుకున్న తరువాత పోతే పద్నాలుగు రోజులైనా గడవవు. మాదాపూర్‌లో పనిచేసేవారికి, ఒక శుక్రవారం సాయంత్రం మానవ వనరుల విభాగం నుంచి పిలుపు వచ్చి, సోమవారానికి యాక్సెస్ కార్డు పనిచేయకుండా పోయిన సహోద్యోగి ఒకరైనా తెలిసే ఉంటారు. ఊళ్లో నాన్నగారికి హఠాత్తుగా ఆసుపత్రి అవసరం పడితే, రాత్రికి రాత్రి అడ్మిషన్ అడ్వాన్సు కట్టవలసినది మీరే. అప్పుడు మీరు మళ్లీ తెరిచేది ఇదే లోన్ యాప్. అత్యవసర నిధి లేని మనిషి తీసుకునే మొదటి అప్పు ఎంత చిన్నదైనా, రెండో అప్పుకు అది దారి వేసి పెడుతుంది. ఆరు నెలల ఖర్చు, అంటే మీ విషయంలో సుమారు 3,37,000 రూపాయలు, ముట్టుకోకుండా పక్కన ఉండాలని నేను అంటాను. కనీసం మూడు నెలల ఖర్చు, 1,68,600, చేరేవరకు గిటార్ కోసం ఒక్క రూపాయి కూడా తీయవద్దు.

యాప్ రుణం గురించి ఓపికగా రాయడం నాకు కష్టమే. 50,000 మంజూరు చేసి, మూడు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్‌టీ మినహాయించుకుంటే మీ ఖాతాలో పడేది 48,230. వడ్డీ మాత్రం పూర్తి 50,000కు కడతారు. ఫీజు అంత ఉంటే ఆ 30 శాతం నిజానికి 37 శాతం దాటుతుంది. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ నిబంధనల ప్రకారం, అన్ని ఖర్చులూ కలిసిన వార్షిక రేటును రుణం తీసుకునే ముందే ఒక పత్రంలో మీకు చూపించాలి. ఆ పత్రాన్ని తెరిచి చూశారా? తెరిచి ఉంటే ఉత్తరంలో 30 అని రాసేవారు కాదు. కార్డు వాయిదాల వడ్డీపైన కూడా 18 శాతం జీఎస్‌టీ విడిగా పడుతుంది. సుమారు 12,900 వడ్డీకి మరో 2,300 చేర్చుకోండి. ఒక్క వాయిదా తప్పి ఆ బకాయి మామూలు కార్డు బాకీలో కలిసిందంటే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది.

ఇక నాలుగు లక్షల ఆదా. మీరు కొనాలని ఎన్నడూ అనుకోని అయిదు గిటార్ల ధరను కూడి, దానిలోంచి ఒక గిటార్ ధర తీసివేస్తే వచ్చే అంకెను ఆదా అనరు. ఆ వాయిద్యం మీ పనికి ఎందుకు అనువైనదో నేను అర్థం చేసుకోగలను. సంగీత్‌లో ఒక పాటకు అకూస్టిక్ ధ్వని, తరువాతి దానికి పన్నెండు తీగల గిటార్, ఆపైన సితార్ ఛాయ కావాలంటారు. గాయని గొంతు ఆ రోజు బాగాలేకపోతే శ్రుతి అరమెట్టు దించమంటారు. తీగలు ఆనే బ్రిడ్జి వద్ద ఒక్కో తీగ కింద ఉన్న పీజో సెన్సర్ ఆ తీగ కంపనాన్ని విడిగా పట్టి, విద్యుత్ సంకేతంగా లోపలి ప్రాసెసర్‌కు అందిస్తే, ఒక్క నాబ్ తిప్పడంతో ధ్వని మాత్రమే కాక శ్రుతి కూడా మారిపోతుంది. చేతిలో గిటార్ మార్చకుండా ఇదంతా జరగడం పెద్ద సౌకర్యమే.

అయితే డబ్బు లెక్కలో దీనిని చెక్క వాయిద్యంగా చూడకండి, ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. మంచి చెక్క గిటార్ ఇరవై ఏళ్ల తరువాత కూడా తీగలు మారిస్తే పలుకుతుంది. దీనిలో బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు, సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఇవి తయారీదారు శ్రద్ధ ఉన్నంత కాలమే నడుస్తాయి. రోలాండ్ 1995లో వీజీ-8 పేరుతో విడి ప్రాసెసర్ తెచ్చింది. 2000 దశకం మొదట్లో లైన్ 6 సంస్థ వేరియాక్స్ అనే గిటార్‌తో ఆ పనిని గిటార్ లోపలికే మార్చింది. 2007లో ఫెండర్, రోలాండ్ కలిసి వీజీ స్ట్రాటోకాస్టర్ తెచ్చాయి. ఈ వరుసలో కంపెనీలు చేతులు మారాయి, నమూనాలు వచ్చి పోయాయి. తొలి వేరియాక్స్‌లలో తీగల కంపనాన్ని నేరుగా స్పీకర్‌కు పంపే మామూలు అయస్కాంత పికప్‌లే లేవు, కనుక బోర్డు చెడితే స్పీకర్‌లోకి ధ్వనే వెళ్లదు. మీరు కొనబోయేదానిలో ఆ పికప్‌లు ఉన్నాయో లేదో, బోర్డు పోతే హైదరాబాద్‌లో ఎవరు బాగుచేస్తారో, విడి భాగం ఎక్కడి నుంచి రావాలో దుకాణదారును రాతపూర్వకంగా అడగండి. బాగా పెళ్లిళ్లున్న మాఘమాసంలో బోర్డు చెడిపోయి, ఆదాయం ఆగిపోయి, వాయిదా మాత్రం నడుస్తూ ఉంటే, మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకు కూడా అదే నిధి కావాలి.

చేయవలసినది ఇది. విడిగా ఒక పొదుపు ఖాతా తెరిచి, జీతం పడిన మరునాడే 5,800 దానిలోకి వెళ్లేలా ఏర్పాటు చేయండి. ప్రదర్శనల డబ్బు వచ్చినప్పుడల్లా ఖర్చు ఖాతాను తాకకుండా నేరుగా అక్కడికే పంపండి. ఇప్పుడున్న 31,000తో మొదలుపెడితే, నిరుటి మాదిరిగానే ఆదాయం ఉన్నా, పదకొండు నెలలకు మూడు నెలల నిధి పూర్తవుతుంది. ఇక్కడ నేనూ సగటునే వాడుతున్నాను. తేడా ఏమిటంటే, ఒక నెల ఖాళీగా పోతే పొదుపు ఆలస్యమవుతుందే కాని ఎవరూ జరిమానా వేయరు. చీటీ ఇప్పుడు పాడకండి, తొందరలో ఉన్నవాడే పాటలో ఎక్కువ వదులుకుంటాడు. చివరిదాకా ఆగితే నిర్వాహకుడి కమీషన్ పోను సుమారు 95,000 చేతికి వస్తుంది, దానికి ఇంకా పద్నాలుగు నెలలే. పన్నెండో నెల నుంచి జీతంలో మిగిలేది నిధికే వెళ్లనిచ్చి, ప్రదర్శనల డబ్బు మాత్రం గిటార్ కోసం పక్కన పెడితే, చీటీ సొమ్ముతో కలిపి పందొమ్మిదో నెలకు 1,48,000 సమకూరుతుంది. మీ కార్డు వాయిదాలు ముగిసేది పద్దెనిమిదో నెలలో. అంటే ఒక్క నెల తేడాతో అదే గిటార్ అప్పు లేకుండా, నిధి చెక్కుచెదరకుండా మీ చేతిలో ఉంటుంది.

అమ్మగారి బంగారం మీద రుణం తీసుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. అది వడ్డీలో చవకే అయినా, గిటార్ కోసం బంగారం బ్యాంకులో పెట్టమని నేను చెప్పను. ఈలోపు పని గడవాలంటే, ఇప్పుడున్న గిటార్‌కే శ్రుతి దించే పెడల్ ఒకటి వాడినదైనా చూసుకోండి. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది; 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్‌టీ కూడా లేదు కనుక సొంతంగా ఒకటి తీసుకోండి.

యాప్‌లో రుణం మంజూరై, డబ్బు ఇంకా ఖాతాలో పడకపోతే ఈరోజే రద్దు చేయండి. దుకాణంలో ఇచ్చిన 3,000 అడ్వాన్సు మర్యాదగా తిరిగి అడగండి. రసీదు మీద తిరిగి ఇవ్వబడదని రాసి ఉంటే, పందొమ్మిది నెలల తరువాత కొనేటప్పుడు సర్దుబాటు చేస్తారేమో కనుక్కోండి, దానికీ ఒప్పుకోకపోతే వదిలేయండి. ఆ మూడు వేల కోసం 25,000కు పైగా వడ్డీలు, రుసుములు కట్టవలసిన అవసరం లేదు.