టెక్సస్‌లో కారు తగిలించి వచ్చేశారా? డిటెక్టివ్‌కి ఫోన్ చేసే ముందు ఇది చదవండి

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "అన్నా, డల్లాస్ దగ్గర ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుతున్నాను. ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో రివర్స్ తీస్తుంటే వెనకున్న టెస్లాకి తగిలింది. టెన్షన్‌లో వచ్చేశాను. ఇవాళ పోలీసాయన ఎవరో తలుపు సందులో కార్డు పెట్టి వెళ్ళాడు, ఫోన్ చెయ్యమని రాసి ఉంది. నిజం ఒప్పేసుకుని సారీ చెప్పు, వదిలేస్తారు అంటున్నారు రూమ్మేట్స్. ఏం చెయ్యమంటావు?"

ఫోన్ చెయ్యాల్సిందే, కానీ చెయ్యాల్సింది నువ్వు కాదు, నీ లాయరు.

టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 550.024 ప్రకారం, మనుషులెవరూ లేని కారుకి తగిలిస్తే ఓనర్ని వెతికి పట్టుకోవాలి, లేదంటే పేరు, అడ్రసు, ఏం జరిగిందో కాగితం మీద రాసి కనపడేలా పెట్టి రావాలి. ఆ కాగితం ముక్క వైపర్ కింద పెట్టి ఉంటే ఇది మామూలు ఇన్సూరెన్స్ వ్యవహారంగా తేలిపోయేది. పెట్టలేదు కాబట్టి క్రిమినల్ కేసు అయింది. డ్యామేజీ 200 డాలర్ల లోపైతే క్లాస్ సి, అంటే 500 వరకు జరిమానా. 200, ఆపైన అయితే క్లాస్ బి, 180 రోజుల వరకు జైలు, 2,000 వరకు జరిమానా. టెస్లా బంపర్‌కి 200 లోపు బిల్లు వేసే బాడీ షాపు నాకైతే ఎక్కడా కనపడలేదు. పైగా పార్క్ చేసి ఉన్నా ఆ కారు కెమెరాలు రికార్డు చేస్తూనే ఉండొచ్చు, నీ నంబర్ ప్లేటు అందులోంచే వచ్చి ఉంటుంది.

ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే కథ వేరు. అది 550.021. తీవ్రమైన గాయమైతే థర్డ్ డిగ్రీ ఫెలనీ, అంటే పెద్ద నేరం, ప్రాణం పోతే అంతకన్నా తీవ్రమైన సెకండ్ డిగ్రీ. అలాంటప్పుడు ఈ సలహాలు చదువుతూ కూర్చోకుండా ఆ గంటలోనే లాయర్ని పట్టుకో.

మనవాళ్ళు ఆగకుండా వచ్చేయడం వెనక ఇంటి దగ్గరి భయం ఉంది. అక్కడ దిగితే జనం మీదపడతారు, ఆ సంగతి మన 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా ఒప్పుకుంటుంది, గుంపు ఆగ్రహం వల్ల గాయపడినవాళ్ళకి వైద్యం అందించలేకపోతే మినహాయింపు ఇస్తుంది. ఇక్కడి పార్కింగ్‌లో నిన్ను కొట్టేవాళ్ళెవరూ లేరు. ఇంకోటి, ఫ్రీవేలో గుద్దుకున్నాక నడిచే స్థితిలో ఉన్న కారుని పక్కనే ఉండే ఫ్రంటేజ్ రోడ్డుకి తీసుకెళ్ళడం పారిపోవడం కాదు, సిటీల్లో అలా తప్పించమని చట్టమే చెబుతుంది. అక్కడికి వెళ్ళాక ఆగి వివరాలు ఇవ్వాలి, అంతే.

ఇప్పుడు లాయర్ ఎందుకంటే. ప్లేటు చూస్తే కారు ఎవరిదో తెలుస్తుంది, నడిపింది ఎవరో తెలియదు. నలుగురు రూమ్మేట్స్ ఒకే కారు తిప్పుతుంటే మరీను. నడిపింది నువ్వేనని, తగిలిందని నీకు తెలుసనీ ప్రాసిక్యూటర్ నిరూపించాలి. నువ్వు ఫోన్ చేసి "అవునండీ నేనే, భయపడి వచ్చేశాను" అన్నావంటే ఆ రెండూ నీ నోటితో ఇచ్చేసినట్టే. అలాగని అబద్ధం చెప్పకు. కారు ఫ్రెండ్ తీసుకెళ్ళాడనో, ఆ రోజు ఊళ్ళో లేననో అన్నావనుకో, పోలీసుకి తప్పుడు సమాచారం ఇవ్వడం ఇంకో క్లాస్ బి. గీతలు పోయేలా బంపర్‌కి రంగు వేయించకు, సాక్ష్యం మాయం చేశావంటారు. టెస్లా ఓనర్ దగ్గరికి వెళ్ళి "క్యాష్ ఇస్తా, కేసు వెనక్కి తీసుకో" అనకు, అది సాక్షిని కొన్నట్టు అవుతుంది, పైగా కేసు ఉపసంహరించడం ఆయన చేతిలో లేదు. నష్టం కట్టాలి, తప్పకుండా కట్టాలి, కానీ ఇన్సూరెన్స్ ద్వారానో లాయర్ ద్వారానో. ఓనర్‌కి డబ్బు అందిందని చూపిస్తే ప్రాసిక్యూటర్‌తో బేరానికి బలం వస్తుంది. వారంట్ ఉందో లేదో కూడా లాయరే కనుక్కుని, ఉంటే బాండ్ (జామీను) ఏర్పాటు చేసి తీసుకెళ్తాడు, క్లాసులోంచి బేడీలతో వెళ్ళే ఖర్మ తప్పుతుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత. లోకల్ క్రిమినల్ లాయర్లు చాలామంది "డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, ప్రొబేషన్ అయ్యాక కేసు కొట్టేస్తారు, కన్విక్షన్ ఉండదు" అంటారు. సిటిజన్‌కి అది మంచి సలహానే. నీకు మాత్రం ఉరితాడు. అందులో నువ్వు గిల్టీ అనో నో కాంటెస్ట్ (ఒప్పుకోను, కానీ పోరాడను) అనో చెప్పాక కోర్టు షరతులు పెట్టిందంటే ఇమ్మిగ్రేషన్ దృష్టిలో అది కన్విక్షనే, దోషిగా తేలినట్టే. ఏ ప్లీ (కోర్టులో అలా గిల్టీ, నో కాంటెస్ట్ చెప్పడం) లేకుండా, విచారణకి ముందే షరతులతో కేసుని పక్కకి తప్పించే ప్రీట్రయల్ డైవర్షన్ దొరుకుతుందా అని అడుగు, లేదంటే డిస్మిసల్ కోసం గట్టిగా పోరాడమను. క్లాస్ సి టికెట్టే కదా అని ఆన్‌లైన్‌లో కట్టేయడం కూడా నో కాంటెస్ట్ చెప్పినట్టే, ఆగు.

గాయాల కేసుల్లో ఇది ఇంకా పదును. టెక్సస్‌లో ఆగకుండా, సాయం చేయకుండా వెళ్ళిపోవడం నీతి బాహ్యమైన నేరమేనని (డిపోర్టేషన్ దాకా తీసుకెళ్ళగల రకం), టెక్సస్ మీద అధికారమున్న ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ఫిఫ్త్ సర్క్యూట్ 2007లో తేల్చింది. కాలిఫోర్నియా చట్టం మీద అక్కడి అప్పీళ్ళ కోర్టు నైన్త్ సర్క్యూట్ 2008లో దానికి ఎదురు చెప్పింది. అందుకే కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉన్న బావగారి అనుభవం నీకు పనికిరాదు. ప్లీ వల్ల డిపోర్టేషన్ ముప్పు ఉంటే క్లయింట్‌కి చెప్పాల్సిన బాధ్యత డిఫెన్స్ లాయర్‌దేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో చెప్పింది. కాబట్టి మొహమాటపడకు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా అభిప్రాయం తెప్పించమని అడుగు. డబ్బు లేకపోతే యూనివర్సిటీ లీగల్ సర్వీసెస్‌ని కనుక్కో, క్లాస్ బి కేసు పెట్టాక కోర్టునే లాయర్ని ఇమ్మని కూడా అడగొచ్చు.

2025 ఏప్రిల్‌లో పాత అరెస్టులూ, కొట్టేసిన కేసులూ చూసి వేలమంది స్టూడెంట్ల సెవిస్ రికార్డులు (స్టూడెంట్ స్టేటస్ నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్‌లోవి) రద్దు చేశారు, కోర్టులకెక్కాక తిరిగి పెట్టారు. శిక్ష పడకపోయినా అరెస్టు మాత్రమే చూసి వీసా రద్దు చేయగలరు. వీసా దరఖాస్తు డీఎస్-160లో అడిగేది అరెస్టు గురించి కూడా, గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485లోనూ అంతే, కేసు ఎక్స్‌పంజ్ అయినా, అంటే రికార్డుల్లోంచి చెరిపేసినా చెప్పాల్సిందే. కేసు ముగియగానే కోర్టు ముద్ర ఉన్న డిస్పొజిషన్ (కేసు తుది ఫలితం) కాపీలు నాలుగైదు తీసి పెట్టుకో. డిసెంబర్‌లో ఇండియాకి టికెట్ కొని ఉంటే, వీసా స్టాంపింగ్ ఉన్నా లేకపోయినా, ఇమ్మిగ్రేషన్ లాయర్ సరేననే దాకా విమానం ఎక్కకు.