రెండో ఏడాది కార్నర్‌బ్యాక్‌కి ప్రో బౌల్, ఆల్-ప్రో వచ్చే అవకాశం ఎంత? ఏం చూసి అంచనా వేయాలి?

అమెరికాలోని ఫ్రిస్కోలో ఉంటున్న మీ అబ్బాయికి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండో ఏడాది ఆడుతున్న ఒక కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునే రిసీవర్లను కాచే డిఫెన్స్ ఆటగాడు) అంటే ప్రాణమనీ, అతనికి ఈ సీజన్‌లో ప్రో బౌల్ గానీ ఆల్-ప్రో గానీ వస్తుందో లేదో ముందే ఎలా చెప్పాలనీ అడిగారు. బాగా ఆడితే వస్తుంది అని ఒక్క మాటలో తేల్చేయచ్చు గానీ అది సగం నిజమే. అతను మైదానంలో ఎక్కడ నిలబడతాడు, బ్యాలట్‌లో ఏ పొజిషన్ కింద అతని పేరు ఉంది అన్నవి కూడా దాదాపు అంతే పని చేస్తాయి.

ముందు ప్రో బౌల్, ఆల్-ప్రో అనే ఈ రెండు గౌరవాలనూ విడదీసి చూడండి. ప్రో బౌల్‌కి ఒక్కో కాన్ఫరెన్స్ (లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) నుంచి 44 మందిని తీసుకుంటారు. అభిమానుల ఓటు, ఆటగాళ్ల ఓటు, కోచ్‌ల ఓటు మూడింటికీ సమాన విలువ. కార్నర్‌బ్యాక్‌లకు కాన్ఫరెన్స్‌కి 4 చోట్లు. కాన్ఫరెన్స్‌లో 16 జట్లున్నాయి, ఒక్కో జట్టులో బయట (మైదానం అంచుల వైపు) ఇద్దరు, స్లాట్‌లో (లోపలి వైపు) ఒకరు అనుకుంటే 48 మంది ఆ 4 చోట్ల కోసం పోటీ. అంటే పన్నెండుమందిలో ఒకరు. ఆ నాలుగులోనూ ఒకటో రెండో చోట్లు అంతకుముందు ఏళ్లలో పేరు తెచ్చుకున్నవాళ్లకే పోతుంటాయి కాబట్టి, కొత్త కుర్రాడికి నిజంగా ఖాళీగా ఉండేవి రెండు, మహా అయితే మూడు.

ఆల్-ప్రో వేరు. అది అసోసియేటెడ్ ప్రెస్ తరఫున 50 మంది పాత్రికేయులు, విశ్లేషకులు వేసే ఓటు. కాన్ఫరెన్స్‌ల లెక్క లేదు, లీగ్ మొత్తానికి ఒకే జట్టు. మొదటి జట్టు ఓటుకి 3 పాయింట్లు, రెండో జట్టు ఓటుకి 1. బయటి కార్నర్‌లకు 2 చోట్లు, స్లాట్ కార్నర్‌కి విడిగా 1.

చాలామంది పట్టించుకోని తేడా ఇక్కడే ఉంది. ప్రో బౌల్‌లో స్లాట్‌కి ప్రత్యేకంగా చోటు లేదు. ట్రెంట్ మెక్‌డఫీ సంగతే చూడండి. 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో) 21వ పిక్‌గా కాన్సాస్ సిటీకి వచ్చాడు. రెండో ఏడాది, అంటే 2023లో, ఒక్క ఇంటర్‌సెప్షన్ (ప్రత్యర్థి పాస్‌ని తానే పట్టడం) లేకపోయినా 5 సార్లు బంతిని ప్రత్యర్థి చేతుల్లోంచి ఊడగొట్టాడు, స్లాట్ నుంచి బ్లిట్జ్ చేశాడు (పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాడు), పరుగు ఆటలో గట్టిగా నిలబడ్డాడు. స్లాట్ కార్నర్‌గా ఆల్-ప్రో మొదటి జట్టులోకి ఎక్కాడు. అదే ఏడాది కాన్సాస్ సిటీ ఉన్న ఏఎఫ్‌సీ కాన్ఫరెన్స్ ప్రో బౌల్ జాబితాలో కార్నర్ చోట్లు ప్యాట్రిక్ సర్టెయిన్, సాస్ గార్డ్‌నర్, డెంజెల్ వార్డ్, జాలెన్ రామ్సీలకు పోయాయి. కాబట్టి మీ అబ్బాయి ఆటగాడు స్లాట్‌లో ఆడుతుంటే ప్రో బౌల్ కంటే ఆల్-ప్రో మీదే ఆశ పెట్టుకోండి. బయట ఆడుతుంటే ప్రో బౌల్ దగ్గర, ఆల్-ప్రో దూరం.

లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్ మధ్య వరుసలో ఆడేవాళ్ల) దగ్గర ఇది ఇంకా ఘోరంగా ఉండేది. టాంపా బే ఆటగాడు లవోంటె డేవిడ్ 2013లో, తన రెండో ఏడాదే, 145 ట్యాకిళ్లు, 7 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), 5 ఇంటర్‌సెప్షన్లతో ఆల్-ప్రో మొదటి జట్టులోకి వెళ్లాడు. ప్రో బౌల్ రాలేదు. అతను అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌గా లెక్కకొచ్చాడు, ఆ వరుసలో ఉన్నవాళ్లంతా క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకి శాక్‌లు పోగేసే ఎడ్జ్ రషర్లు. పని వేరు, పోటీ మాత్రం ఒకే చోటుకి. ఆ కుర్రాడికి అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

ఇక అంకెలు. అభిమానులు మొదట చూసేది ఇంటర్‌సెప్షన్లు. అవి ఓట్లు తెస్తాయి, అందులో అనుమానం లేదు. 2021లో డాలస్ ఆటగాడు ట్రెవాన్ డిగ్స్ 11 పట్టాడు, రెండో ఏడాదే ఆల్-ప్రో మొదటి జట్టు. కానీ అదే సీజన్‌లో అతని మీద రిసీవర్లు చాలా గజాలు కూడా రాబట్టారు, మరుసటి ఏడాది ఇంటర్‌సెప్షన్లు 3కి పడిపోయాయి. బంతి ఎటు ఎగురుతుంది, ఎవరి చేతికి తగిలి వస్తుంది అన్నవాటిలో అదృష్టం పాలు ఎక్కువ కాబట్టి, నిరుటి ఇంటర్‌సెప్షన్ల సంఖ్య చూసి ఈ ఏడాదీ అంతే అనుకోకండి.

నమ్మకంగా చూడాల్సింది పాస్‌లను చెదరగొట్టిన సంఖ్య. సాస్ గార్డ్‌నర్ 2022లో మొదటి ఏడాది పట్టినవి 2 మాత్రమే. చెదరగొట్టినవి 20, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. 1981లో రోనీ లాట్ తరవాత మొదటి ఏడాదే ఆల్-ప్రో మొదటి జట్టుకెక్కిన కార్నర్ అతనే. 17 ఆటల సీజన్‌లో 15 దాటితే అందరి కళ్లూ పడతాయి.

ఇంకొంచెం లోతుకి వెళ్లాలంటే ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ అనే వెబ్‌సైట్‌లో ఆటగాడి పేజీ తెరిచి, అడ్వాన్స్‌డ్ డిఫెన్స్ పట్టిక చూడండి. అతని మీదికి ఎన్ని పాస్‌లు వేశారు, ఎన్ని అందాయి, ఎన్ని గజాలు పోయాయి, వాటి మీద క్వార్టర్‌బ్యాక్ రేటింగ్ ఎంత అన్నవి అక్కడుంటాయి. ఆ రేటింగ్ గరిష్ఠం 158.3. ప్రతి పాసూ నేలపాలైతే వచ్చేది 39.6. అందుకే 70 లోపు ఉంటే చాలా బాగా ఆడుతున్నట్టు, 100 దాటితే ఎన్ని ఇంటర్‌సెప్షన్లున్నా ఆటగాళ్లూ కోచ్‌లూ ఓటు వేయడానికి వెనకాడతారు. ఒక జాగ్రత్త: జోన్ కవరేజ్‌లో (ఒక్కొక్కరు ఒక రిసీవర్‌ని కాక మైదానంలో ఒక భాగాన్ని కాచే పద్ధతిలో) ఏ పాస్‌కి ఎవరు బాధ్యులో బయటివాళ్లకి స్పష్టంగా తెలియదు, అందుకే ఈ అంకెలు ఒక్కో సంస్థ దగ్గర ఒక్కోలా ఉంటాయి. ఒకే చోటు నుంచి తీసుకుని మిగతా కార్నర్‌లతో పోల్చండి.

కుర్రాళ్ల విషయంలో ఇంకో మెలిక. అవతలి వైపు పేరున్న కార్నర్ ఉంటే క్వార్టర్‌బ్యాక్‌లు కొత్తవాడి మీదికే బంతులు వేస్తారు. తట్టుకుంటే అంకెలు పెరుగుతాయి. పేరు వచ్చాక అటు వేయడమే మానేస్తారు, అంకెలు తగ్గుతాయి. గార్డ్‌నర్ 2023లో ఒక్కటీ పట్టలేదు, అయినా మళ్లీ ఆల్-ప్రో మొదటి జట్టే. ఓటేసిన పాత్రికేయులకి అది అర్థమైంది. అభిమానుల ఓటులో మాత్రం మొదటిసారి ఎంపికయ్యేవాడికి అంత నిశ్శబ్దం చేటు చేస్తుంది.

దెబ్బలు మరో పెద్ద అడ్డంకి. డెరెక్ స్టింగ్లీ 2022లో గార్డ్‌నర్ కంటే ఒక స్థానం ముందు, 3వ పిక్‌గా హ్యూస్టన్‌కి వెళ్లాడు. మొదటి ఏడాది 9 ఆటలు, రెండో ఏడాది 11. ఆ 11లోనే 5 ఇంటర్‌సెప్షన్లు ఉన్నా ఏ గౌరవమూ దక్కలేదు. 2024లో 17 ఆటలూ ఆడాడు, ప్రో బౌల్‌తో పాటు ఆల్-ప్రో మొదటి జట్టూ వచ్చింది. మీవాడు నాలుగు ఆటలు మిస్సయితే ఆ ఏడాదికి ఆశ తగ్గించుకోవడమే మంచిది.

పెనాల్టీలు కూడా రాసుకోండి. రిసీవర్‌ని పట్టుకుంటే 5 గజాలతో పాటు ఫస్ట్ డౌన్ (ప్రత్యర్థికి మళ్లీ మొదటి నుంచి నాలుగు ప్రయత్నాలు) ఉచితం. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి గాల్లో ఉండగా రిసీవర్‌ని అడ్డుకోవడం) అయితే తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, అది 40 గజాలైనా కావచ్చు. గజాల పట్టికల్లో ఇవి కనపడవు, కోచ్‌లకి మాత్రం గుర్తుంటాయి. రెండో ఏడాది కుర్రాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: రిసీవర్ తమని దాటాడన్న కంగారులో తల తిప్పి బంతిని చూడకుండా చెయ్యి వేస్తారు.

ఏ వారం ఆడాడు అన్నదీ ముఖ్యమే. అభిమానుల ఓటింగ్ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో మొదలై డిసెంబర్‌లో ముగుస్తుంది, జాబితా రెగ్యులర్ సీజన్ పూర్తికాకముందే వస్తుంది. చివరి రెండు వారాల్లో ఎంత విజృంభించినా ప్రో బౌల్‌కి పనికిరాదు, ఆల్-ప్రోకి పనికొస్తుంది. ప్లేఆఫ్‌లు రెండింటికీ లెక్కలోకి రావు. డ్రాఫ్ట్ అయిదో రౌండ్‌లో డాలస్‌కి వచ్చిన డారాన్ బ్లాండ్ కథ దీనికి సరిపోతుంది. 2023లో డిగ్స్ మోకాలు దెబ్బతిన్నాక స్లాట్ నుంచి బయటికి మారాడు. ఒకే సీజన్‌లో 5 ఇంటర్‌సెప్షన్లను టచ్‌డౌన్లుగా మలిచి రికార్డు నెలకొల్పాడు. ఆ అయిదోది సరిగ్గా థాంక్స్‌గివింగ్ నాడు, దేశమంతా టీవీల ముందు కూర్చున్నప్పుడు వాషింగ్టన్ మీద. అతనిదీ రెండో ఏడాదే. ప్రో బౌల్, ఆల్-ప్రో రెండూ వచ్చాయి.

కాబట్టి ఆరో వారం అయ్యాక ఒకసారి, పదకొండో వారం అయ్యాక ఒకసారి చూడండి. డిఫెన్స్ స్నాప్‌లలో (బంతి ఆటలోకి వచ్చే ప్రతిసారీ ఒక స్నాప్) 90 శాతం పైన ఆడుతున్నాడా, పదకొండో వారానికి 9 లేదా 10 పాస్‌లు చెదరగొట్టాడా, రేటింగ్ 75 లోపు ఉందా, జట్టు ఓటముల కంటే ఎక్కువ ఆటలు గెలిచిందా. నాలుగూ ఉంటే పన్నెండుమందిలో ఒకరు అన్న లెక్క దాటి ముగ్గురిలో ఒకరి దాకా వచ్చాడని నా అంచనా. జట్టు చిత్తుగా ఓడుతుంటే అందులో సగం తీసేయండి.

జాబితాలో పేరు లేకపోయినా అప్పుడే నిరాశపడక్కర్లేదు. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి వెళ్లిన జట్ల వాళ్లు, దెబ్బలు తగిలినవాళ్లు తప్పుకుంటే వాళ్ల బదులు పిలుస్తారు, అలా వెళ్లినా ప్రో బౌలర్ అనే అంటారు. డబ్బు దగ్గరే తేడా. మొదటి రౌండ్‌లో వచ్చినవాడి అయిదో ఏడాది జీతం, తరవాతి రౌండ్ల వాళ్ల నాలుగో ఏడాది జీతం ప్రో బౌల్ వల్ల పెరగాలంటే మొదటి మూడు సీజన్లలో అసలు జాబితాలోనే పేరు ఉండాలి. బదులుగా వెళ్లినది ఆ లెక్కకి రాదు.