కొత్త టూల్స్‌లో నా పనికి నిజంగా అక్కరకొచ్చినవి

మీరు అడిగింది ఇదీ: "వారానికో కొత్త ఫ్రేమ్‌వర్క్, రోజుకో కొత్త ఏఐ టూల్ వస్తోంది. ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ నేర్చుకోవడం కుదరదు. అనుభవం ఉన్న డెవలపర్లు ఈమధ్య మొదలుపెట్టి, మానేయకుండా వాడుతున్న టూల్స్ ఏవి? ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో ఎలా తేల్చుకుంటారు?"

నేను చాలా ఏళ్ళుగా బ్యాకెండ్ (యూజర్‌కు కనబడని సర్వర్ వైపు) పనే చేస్తున్నాను, ఎక్కువగా పైథాన్ భాష, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కాబట్టి నేను చెప్పేవి అటువైపే మొగ్గుతాయి. కొత్త టూల్ ఏది కనబడినా నేను చూసేది ఒక్కటే: నా కోడ్ గురించి నాకొచ్చే సందేహానికి ఇప్పటికన్నా త్వరగా, నమ్మదగ్గ జవాబు ఇస్తుందా? డెవలపర్‌కి రోజంతా టైపింగ్‌లో గడవదు. "ఇది ఎందుకింత నెమ్మదిగా ఉంది", "ఈ ఫంక్షన్‌ను ఎవరెవరు వాడుతున్నారు", "నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఎందుకు ఆగింది" లాంటివాటి వెంట తిరగడంలోనే గడుస్తుంది. ఆ తిరుగుడు తగ్గించే టూల్ ఏదైనా నాకు ఇష్టమే. టైపింగ్ మాత్రమే తగ్గించేదైతే అంత తొందరపడను.

ఆ లెక్కన ఈమధ్య నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది డక్‌డీబీ. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టిన డేటాబేస్ ఇది. 2024 జూన్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. దీనికి సర్వర్ ఉండదు, యూజర్లూ పాస్‌వర్డ్‌లూ సెట్ చేసే పని లేదు. సీఎస్‌వీ, జేసన్, పార్కే (డేటాను కాలమ్‌లవారీగా దాచే ఫార్మాట్) ఫైళ్ళను ముందుగా ఎక్కడికీ ఎక్కించనక్కర్లేదు. టేబుల్ పేరు రాయాల్సిన చోట ఫైల్ పేరు రాసి నేరుగా ఎస్‌క్యూఎల్ క్వెరీ వేయొచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా సర్వీస్‌లో కొన్ని రిక్వెస్టులు అప్పుడప్పుడు బాగా ఆలస్యమవుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. డ్యాష్‌బోర్డ్‌లో సగటు చూస్తే అంతా మామూలుగానే ఉంది. లాగ్ ఫైళ్ళను ఎక్సెల్‌లో తెరుద్దామంటే దాని పరిమితి 10,48,576 వరుసలే, మా ఫైళ్ళు దానికి ఎన్నో రెట్లు. ఇదివరకైతే ఇలాంటి పనికి స్క్రిప్ట్ రాయడం, మెమరీ చాలకపోతే ఫైల్‌ను ముక్కలు చేయడం, మళ్ళీ కలపడం, ఇంతలో పూట గడిచిపోయేది. ఈసారి ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటి మీదా ఒకే క్వెరీ వేశాను: గంటలవారీగా 99వ పర్సెంటైల్ సమయం (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో ఆ అంకె) ఎంత అని. ఏ గంటలోనూ తేడా కనబడలేదు. కస్టమర్లవారీగా మార్చాను. ఒక కస్టమర్ దగ్గర అంకె అమాంతం పెరిగింది. ఆ కస్టమర్ రిక్వెస్టులను ఆర్డర్‌లో ఎన్ని ఐటమ్‌లు ఉన్నాయన్న దాన్నిబట్టి విడదీశాను. ఐటమ్‌లు పెరిగేకొద్దీ సమయం అదే నిష్పత్తిలో పెరుగుతోంది. అంటే లూప్‌లో ఒక్కో ఐటమ్‌కీ ఒక్కో డేటాబేస్ క్వెరీ వెళ్తోందన్నమాట. కోడ్ తెరిచి చూస్తే అదే ఉంది.

డక్‌డీబీ ఒక్కో వరుసను కాకుండా కాలమ్‌లోని విలువలను గుంపులుగా తీసుకుని లెక్క చేస్తుంది, మెషిన్‌లోని కోర్లన్నీ వాడుకుంటుంది. పార్కే ఫైలైతే క్వెరీకి కావలసిన కాలమ్‌లే చదువుతుంది. అందుకే అంత వేగం. నాకు మాత్రం ఆ వేగం వల్ల అసలు లాభం వేరే చోట కనబడింది. జవాబు కొద్ది సెకన్లలో వస్తుంటే రెండో ప్రశ్న, మూడో ప్రశ్న కూడా వేస్తాం. అరగంట పట్టేదైతే గంటలవారీ లెక్క చూసి "ఏమీ తేలలేదు" అని టికెట్ మూసేసేవాళ్ళం.

మీరు కొత్తవే అడిగారు గానీ, చాలామంది చేతిలో ఉండి కూడా వాడనిది ఒకటి చెప్పకుండా ఉండలేను. అది, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని బైసెక్ట్ కమాండ్. బాగున్న ఒక పాత కమిట్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు), చెడిపోయిన ఒక కొత్త కమిట్ చూపిస్తే, మధ్యలోవాటిని సగానికి సగం కోసుకుంటూ పోయి తప్పు ఎక్కడ చొరబడిందో పట్టిస్తుంది. మధ్యలో వెయ్యి కమిట్లున్నా పదిసార్లు చూస్తే చాలు. దీనికి "రన్" అని చేర్చి ఒక టెస్ట్ స్క్రిప్ట్ ఇస్తే ఆ పదిసార్లు కూడా మనం చూడనక్కర్లేదు, అదే నడుపుకుంటుంది. స్క్రిప్ట్ 0 తిప్పి పంపితే ఆ కమిట్ మంచిది, 1 పంపితే చెడ్డది, ఆ కమిట్ అసలు బిల్డే కాకపోతే 125 పంపాలి, దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్తుంది. ఈ 125 సంగతి తెలియక సగంలో మానేసినవాళ్ళను చూశాను. కమిట్లు చిన్నవిగా, ఒక్కోటి ఒక్క పనికే పరిమితమై ఉంటే దొరికే జవాబు కూడా అంత స్పష్టంగా ఉంటుంది.

కోడ్‌లో వెతకడానికి రిప్‌గ్రెప్, పైథాన్ ప్యాకేజీలకు యూవీ వాడుతున్నాను. రెండూ రస్ట్‌లో రాసినవే, రెండూ బాగా వేగం. గిట్ పట్టించుకోవద్దని గిట్‌ఇగ్నోర్‌లో రాసిపెట్టిన ఫైళ్ళను రిప్‌గ్రెప్ తనంతట తానే వదిలేస్తుంది కాబట్టి చెత్త ఫలితాలు రావు. యూవీ 2024లో వచ్చింది. కావలసిన పైథాన్ వెర్షన్‌ను కూడా అదే తెచ్చుకుంటుంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిరోజే కోడ్ నడుపుకోగలుగుతున్నారంటే దీని పుణ్యమే. ఇక లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్, అంటే ఎడిటర్‌కూ, ఒక భాష కోడ్‌ను అర్థం చేసుకునే ప్రోగ్రామ్‌కూ (సర్వర్) మధ్య మాటల పద్ధతి. దీన్ని 2016లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషకీ విడివిడిగా ప్లగిన్ రాయాల్సి వచ్చేది. ఇప్పుడు భాషకు ఒక సర్వర్ ఉంటే విమ్, ఈమ్యాక్స్, వీఎస్ కోడ్ అన్నీ దాన్నే వాడుకుంటాయి. ఎవరి ఎడిటర్ వాళ్ళది, గొడవ లేదు.

ఇప్పుడు ఏఐ సంగతి. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. నేను రోజూ ఏఐ అసిస్టెంట్ వాడుతున్నాను. పరిచయం లేని కోడ్ చదివేటప్పుడు, ఎర్రర్ మెసేజ్ అర్థం కానప్పుడు, ఎప్పుడో వాడి మరిచిపోయిన లైబ్రరీని మళ్ళీ తీసినప్పుడు చాలా సాయం చేస్తుంది. కానీ నేను మొదట చెప్పిన కొలతలో రెండు భాగాలున్నాయి: త్వరగా, నమ్మదగ్గ. మొదటిది ఇది బ్రహ్మాండంగా ఇస్తుంది. రెండోదాన్ని మనమే సమకూర్చుకోవాలి. ఎలాగో ఒక చిన్న ఫంక్షన్‌తో చూపిస్తాను.

ఆర్డర్ మొత్తం మీద ఇచ్చిన డిస్కౌంట్‌ను ఐటమ్‌ల ధరల నిష్పత్తిలో పంచాలి. అన్నీ పూర్ణాంకాలే ఉండాలి. అసిస్టెంట్‌ను అడిగితే క్షణంలో రాసిచ్చింది: ఒక్కో ఐటమ్ వాటా లెక్కకట్టి రౌండ్ చేసింది. చదవడానికి శుభ్రంగా ఉంది, నాలుగు సమానమైన ఐటమ్‌లకు 100 పంచమంటే తలో 25 ఇచ్చింది. దానితోపాటు అదే రాసిన టెస్టులూ పాసయ్యాయి. అక్కడితో ఆగకుండా హైపోథసిస్ అనే పైథాన్ లైబ్రరీతో మరో రకం టెస్ట్ రాశాను. ఇందులో "ఈ ఇన్‌పుట్‌కి ఈ జవాబు" అని రాయం. "ఏ ఇన్‌పుట్ ఇచ్చినా వాటాలన్నీ కలిపితే అసలు డిస్కౌంట్‌కు సమానం కావాలి" అని నియమం రాస్తాం. ఇన్‌పుట్‌లను అదే రకరకాలుగా పుట్టించి ఆ నియమాన్ని పడగొట్టడానికి చూస్తుంది. పడగొట్టాక ఆ ఉదాహరణను వీలైనంత చిన్నదిగా కుదించి చూపిస్తుంది.

వెంటనే దొరికింది: ధర 1 ఉన్న రెండు ఐటమ్‌లు, డిస్కౌంట్ 1. తలా 0.5 రావాలి. పైథాన్ 3లో 0.5ను రౌండ్ చేస్తే 0 వస్తుంది, ఎందుకంటే సరిగ్గా సగం ఉన్నప్పుడు అది దగ్గర్లోని సరిసంఖ్యకు వెళ్తుంది. రెండు వాటాలూ 0, డిస్కౌంట్ మాయం. అసిస్టెంట్‌కు ఇది చూపిస్తే, మిగిలినదాన్ని చివరి ఐటమ్‌కు కలిపేసి సరిచేసింది. నేను రెండో నియమం చేర్చాను: ఏ ఐటమ్‌కూ దాని ధరకన్నా ఎక్కువ డిస్కౌంట్ రాకూడదు. మళ్ళీ పడింది. ధరలు 1, 1, 0, డిస్కౌంట్ 1. మిగిలిన 1 వెళ్ళి ఉచితంగా ఇచ్చిన ఐటమ్ మీద పడి, దాని ధర మైనస్‌లోకి పోయింది. చివరికి కుదిరిన పద్ధతి ఏమిటంటే, ముందు అందరికీ పూర్ణాంక భాగం ఇచ్చేసి, మిగిలినదాన్ని భిన్న భాగం ఎక్కువున్నవాళ్ళకు ఒక్కొక్కటిగా పంచడం. ఎన్నికల్లో పార్టీలకు దామాషా ప్రకారం సీట్లు పంచడానికి కొన్ని దేశాలు వాడే పద్ధతి కూడా ఇదే.

ఈ రకం టెస్టింగ్ కొత్తదేమీ కాదు. హాస్కెల్ భాష కోసం క్లాసెన్, హ్యూస్ చేసిన క్విక్‌చెక్ గురించిన పరిశోధన పత్రం 2000లోనే వచ్చింది. అయితే కోడ్ రాయడం ఇంత సులువైపోయిన రోజుల్లో దీని విలువ పదింతలైంది. ఏఐ రాసిన వంద లైన్లను కళ్ళతో చదివి తప్పు పట్టడం కష్టం, పైగా ఆ కోడ్ చాలా నమ్మకంగా కనబడుతుంది. ఆ ఫంక్షన్ పాటించాల్సిన రెండు నియమాలు రాయడం మాత్రం మన చేతిలో పని. ఆ నియమాలేమిటో తెలియాలంటే బిజినెస్ అర్థం కావాలి, అందుకే ఆ భాగాన్ని నేను అసిస్టెంట్‌కు అప్పగించను.

ఏఐతో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అప్పుడప్పుడు లేని ప్యాకేజీల పేర్లు చెబుతుంది. అలాంటి పేరుతో ఎవరైనా దురుద్దేశంతో నిజంగానే ఒక ప్యాకేజీ పెట్టి ఉంచితే, ఇన్‌స్టాల్ చేసిన మెషిన్ వాళ్ళ చేతిలోకి వెళ్తుంది. కాబట్టి కొత్త డిపెండెన్సీ (మన కోడ్ ఆధారపడే బయటి ప్యాకేజీ) ఏదైనా దాని రిపాజిటరీ తెరిచి, ఎవరు చూసుకుంటున్నారో, ఎన్నాళ్ళుగా ఉందో చూడకుండా చేర్చనివ్వను. పేరున్న ప్యాకేజీ అయినా అంతే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది కదా. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రోయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపర్. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషిన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ అర సెకనును "పోనీలే" అని వదిలేయకపోవడం వల్లే అంత పెద్ద ప్రమాదం తప్పింది. ఆ కథ మా టీమ్‌లో చేరిన ప్రతివారికీ చెబుతాను.

ఏవి వదిలేశానో కూడా అడిగారు. కొత్త అవసరం వచ్చిన ప్రతిసారీ కొత్త సర్వర్ దించే అలవాటు వదిలేశాను. జాబ్ క్యూ (వరుసగా చేయాల్సిన పనుల జాబితా) కావాలంటే పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న "స్కిప్ లాక్డ్" చాలా ఏళ్ళు లాగించేస్తుంది. ఒక వర్కర్ పట్టుకున్న వరుసను ఇంకో వర్కర్ దాటేసి తర్వాతిది తీసుకుంటుంది, అంతే. స్కీమా (ముందే ఖాయమైన కాలమ్‌ల అమరిక) కుదరని డేటాకు పోస్ట్‌గ్రెస్‌లోనే జేసన్‌బీ ఉంది. ఎంబెడింగ్‌ల (అర్థాన్ని అంకెల వరుసగా మార్చిన రూపాల) వెతుకులాటకు పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్ ఉంది. చిన్న ఇంటర్నల్ టూల్స్‌కైతే ఒకే ఫైల్‌లో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చాలు. రైట్-అహెడ్ లాగ్ మోడ్ పెడితే ఒకరు రాస్తుండగానే మిగతావాళ్ళు చదువుకోవచ్చు. ఒకేసారి ఇద్దరు రాయలేరన్నదే దాని హద్దు. చాలా మెషిన్ల మీద సర్వీసులను నడిపించి చూసుకునే కుబర్నెటీస్ నేర్చుకోవాలా అని అడిగితే, మీ కంపెనీ వాడుతుంటే తప్పకుండా నేర్చుకోండి. ఒకటి రెండు సర్వీసులున్న ప్రాజెక్టులోకి మీ అంతట మీరు తీసుకురాకండి. అర్ధరాత్రి అది ఆగితే లేచి చూసేది మీరే.

మీకు టైమ్ తక్కువన్నారు కాబట్టి, నేనైతే మొదట డక్‌డీబీ తీసుకోమంటాను. ఎస్‌క్యూఎల్ వస్తే ఒక సాయంత్రం సరిపోతుంది, మర్నాడే ఆఫీసులో వాడొచ్చు. తర్వాత హైపోథసిస్. జావాస్క్రిప్ట్ అయితే అదే పని చేసే ఫాస్ట్-చెక్ ఉంది. సీ ప్లస్ ప్లస్ లేదా రస్ట్‌లో, లైనక్స్ మీద పనిచేస్తుంటే మాత్రం ఈ రెండిటికన్నా ముందు మొజిల్లాలో పుట్టిన ఆర్‌ఆర్ డీబగ్గర్ చూడండి. ప్రోగ్రామ్ నడకను రికార్డు చేసి, క్రాష్ అయిన చోటు నుంచి వెనక్కి నడిపిస్తుంది. ఫలానా వేరియబుల్‌లో చెత్త విలువ ఎప్పుడు పడిందో ఆ లైన్ దగ్గరికే వెళ్ళి ఆగొచ్చు. ఎప్పుడో ఒకసారి మాత్రమే కనబడే బగ్‌లకు అందులో కేయాస్ మోడ్ కూడా ఉంది, థ్రెడ్‌ల షెడ్యూలింగ్‌ను కావాలని కలగాపులగం చేసి ఆ బగ్ బయటపడేలా చూస్తుంది. ఒకటే ముందుగా చూసుకోండి: దానికి ప్రాసెసర్‌లోని పెర్ఫార్మెన్స్ కౌంటర్లు (ప్రాసెసర్ చేసిన పనిని లెక్కపెట్టే భాగాలు) అందుబాటులో ఉండాలి, చాలా క్లౌడ్ వర్చువల్ మెషిన్లలో అవి ఉండవు.