పుట్ట తవ్విన చేతులతో రాస్తున్న జవాబు

"ఎకాలజిస్టులు (జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివేవాళ్లు) అంటే అడవిలో పులుల్ని చూసేవాళ్లే అనుకున్నాను, మట్టి లోపలి జీవుల మీద, పురుగుల కడుపులో ఉండే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారు?" అని అడిగారు. నేను సైంటిస్టును కాదు. మాది నర్సంపేట దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉన్నప్పుడు, చెదల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒక మేడం దగ్గర ఒక వానాకాలమంతా పనిచేశాను. పని అంటే గడ్డపార మోయడమే అనుకోండి.

మొదటి రోజే పంచాయితీ. మేం ఎంచుకున్న పుట్టకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. పక్క చెలకలో కలుపు తీస్తున్న ఒక ముసలవ్వ చూసి, "బొట్టు పెట్టిన పుట్టకు గడ్డపార పెడ్తవా బిడ్డా?" అని నన్నే పట్టుకుంది. మేడం మారు మాట్లాడకుండా సామాను సర్దించి, ఒడ్డు మీద ఉన్న ఇంకో పుట్టకు తీసుకుపోయింది. ఆ పుట్టను చూపించింది కూడా ఆ అవ్వే!

లోపల నేను పాములుంటాయేమోనని భయపడితే, మెదడులా మడతలు పడ్డ బూడిదరంగు ముద్దలు కనిపించాయి. చేత్తో పట్టుకుంటే స్పాంజిలా తేలిక. వాటి మీద ఆవగింజంత తెల్లటి గుండ్లు. మన దగ్గర పుట్టలు కట్టే చెదలు బూజు పండించుకునే రైతులని అప్పుడే తెలిసింది. ఎండుటాకులు, పుల్లలు తిని సరిగ్గా అరగకుండానే ఆ ముద్ద మీద వదులుతాయి. అందులోని గట్టి పదార్థాన్ని టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం విరగ్గొడుతుంది. చెదలు ఆ శిలీంధ్రం కాసే తెల్లటి గుండ్లనూ, పాతబడ్డ ముద్దనూ తింటాయి. వానలు పడ్డాక పుట్టల మీద లేచే పుట్టకొక్కులు ఆ శిలీంధ్రానివే. ఇన్నేళ్లు కూర వండుకుని తిన్నాం కానీ, అది ఎవరి పంటో ఎన్నడూ ఆలోచించలేదు.

ఇక నా ఘనకార్యం. నాలుగు ముద్దలను డబ్బాల్లో పెట్టమంటే, శాంపిల్ శుభ్రంగా ఉండాలని రెండింటిలో చెదల్ని ఒక్కటి లేకుండా దులిపేశాను. నాలుగో రోజు మూత తీస్తే ఆ రెండూ తెల్లటి వేరే బూజుతో నిండిపోయాయి, తర్వాత అందులోంచి సన్నటి పుల్లలు లేచాయి. చెదలున్న డబ్బాలు మాత్రం కొత్తగా ఉన్నాయి. తిట్లు తప్పవని టెన్షన్ పడుతుంటే మేడం నవ్వింది. ఆ కలుపు పేరు సూడోజైలేరియా అట, పుట్టలో ఎప్పుడూ పొంచే ఉంటుందట. చెదలు ఉన్నంతసేపు దాన్ని ఏరుతూ, తొక్కిపెడుతూ ఉంటాయి. ఆ పనిలో వాటి పేగుల్లోని బ్యాక్టీరియాకు ఎంత చెయ్యి ఉందన్నదే ఆమె పరిశోధన. ఇంతకీ నేను చేసిన తప్పునే ఆమె ముందుముందు కావాలని చేయబోతోంది!

ఆ బ్యాక్టీరియా కోసం చెదపురుగును ఐసు మీద పెట్టి, మైక్రోస్కోప్ కింద తలను ఒక ఫోర్సెప్స్ (సన్నటి చిమటా)తో, తోక కొసను ఇంకోదానితో పట్టుకుని మెల్లగా లాగాలి. పేగు దారంలా వస్తుంది. నేను లాగిన మొదటి ఇరవై తెగిపోయాయి. ఆ పేగుల్లోంచి డీఎన్ఏ తీసి, ఏ బ్యాక్టీరియా ఉందో చదివిస్తారు. ల్యాబ్ భాగం నేను చూసింది తక్కువ.

మట్టి గురించి ఒక్క లెక్క చెబుతాను. భూమ్మీది జీవజాతుల్లో దాదాపు 59 శాతం మట్టిలోనే బతుకుతాయని 2023లో వచ్చిన ఒక అంచనా. తొలకరికి వచ్చే మట్టి వాసన కూడా చాలావరకు వీళ్ల పుణ్యమే. స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా చేసే జియోస్మిన్ వాసన అది. స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న జీవులు ఆ వాసన పట్టుకుని వచ్చి, బ్యాక్టీరియాను తిని, దాని బీజాల్ని ఒంటికి అంటించుకుని మోసుకుపోతాయని 2020లో తేల్చారు.

వాటిని చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. నీళ్ల సీసా పైభాగం కోసి గరాటులా తిప్పి, చిన్న జాలీ వేసి, చెట్టు కింది తడి ఆకుచెత్త నింపండి. కింద ఒక గిన్నెలో కొద్దిగా స్పిరిట్ పోయండి, పైన బల్బు పెట్టండి. వేడికి పురుగులు కిందికి పారిపోయి గిన్నెలో పడతాయి. బల్బు మాత్రం పాతరకం ఫిలమెంటుదే కావాలి. నేను ఎల్ఈడీ పెట్టి రెండు రాత్రులు కాపలా కాశాను, ఒక్క పురుగూ కదల్లేదు.