సమాధానం: బీఎండబ్ల్యూ వెనక అద్దం మార్పించే ముందు

నమస్తే అండీ. రాయి తగిలి మీ బీఎండబ్ల్యూ సెడాన్ వెనక అద్దం పగిలిందని, బయటి షాపువాళ్లు సగం ధరకే వేస్తామన్నారని రాశారు. టెన్షన్ పడకండి, కానీ వెంటనే ఒప్పుకోకండి.

ముఖ్యంగా డీఫాగర్ గురించి అడగండి. అద్దం మీది సన్నని గీతలు ఆవిరిని పోగొట్టే వేడి తీగలు. చాలా సెడాన్లలో రేడియో యాంటెనా కూడా అందులోనే ఉంటుంది. "నా ఛాసిస్ నంబరుకు సరిపోయే అద్దమేనా? బిగించాక డీఫాగర్, రేడియో రెండూ నా ముందే ఆన్ చేసి చూపిస్తారా?" అనండి. నా కారు అద్దం మార్పించినప్పుడు నేను అడగలేదు. తర్వాత వానలో వెనక ఏమీ కనబడక చాలా భయపడ్డాను.

జిగురు ఆరడానికి ఎన్ని గంటలు, నీళ్లు కారితే వారంటీ ఉందా అనేది కూడా కాగితం మీద రాయించుకోండి.

సమగ్ర పాలసీ (సొంత కారు నష్టానికీ వర్తించే ఇన్సూరెన్స్) ఉంటే గాజు భాగాలకు తరుగుదల కోత, అంటే పాతబడిందని డబ్బు తగ్గించడం, ఉండదు. ముందు ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పి, నష్టం అంచనా వేసే వాళ్ల సర్వేయర్ చూశాకే అద్దం తీయించండి. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత పోతుందో కూడా అడగండి.