పెర్త్‌లో ఉండిపోనా, మేయోకి తిరిగి వెళ్లిపోనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది ఐర్లండ్‌లోని మేయో కౌంటీ. ఎలక్ట్రీషియన్‌గా ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి ఐదేళ్లయింది. ఎనిమిది నెలల క్రితం పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్) వచ్చింది. ఏడాదిన్నరగా ఇక్కడి అమ్మాయితో కలిసి ఉంటున్నాను. నాన్నకి 67. నలభై ఎకరాలు, ఆవులు ఒక్కరే చూసుకుంటున్నారు. ఫోన్ చేస్తే "ఎప్పుడొస్తావు?" అంటారు. క్రిస్మస్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ఈ నెలలో మాత్రం టికెట్ కొనకండి. మీ బాధ చిన్నదని కాదు. ఇప్పుడు వెళ్లిపోతే తిరిగి వచ్చే దారి సన్నబడిపోతుంది. ఆస్ట్రేలియా పౌరసత్వానికి నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం కావాలి, అందులో చివరి ఏడాది పీఆర్ మీద గడవాలి. మీకు ఇంకా నాలుగు నెలలే ఉంది. చివరి పన్నెండు నెలల్లో దేశం బయట గడిపిన రోజులు 90 దాటకూడదు. క్రిస్మస్ సెలవు కూడా అందులోకే వస్తుంది, టికెట్లు ముందు పెట్టుకుని లెక్కేయండి. పీఆర్ ఉంది కదా, చాలదా అంటారేమో. బయటికి వెళ్లి రావడానికి దాని మీద ఇచ్చే అనుమతి ఐదేళ్లే. మళ్లీ ఐదేళ్లకి కావాలంటే, అంతకు ముందు ఐదేళ్లలో రెండేళ్లు ఆస్ట్రేలియాలో ఉండి తీరాలి. పౌరసత్వం వచ్చేస్తే ఈ చిక్కు ఉండదు. రెండు దేశాలూ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటాయి, మీ ఐరిష్ పాస్‌పోర్ట్‌కి ఏమీ కాదు.

మీరు క్రిస్మస్‌కి చూసింది పండగ మేయో. దూరాన ఉన్న స్నేహితులందరూ ఊళ్లో ఉంటారు, జనవరి రెండో వారానికి సగం మంది డబ్లిన్‌కో సిడ్నీకో వెళ్లిపోతారు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాక, పౌరసత్వ ప్రమాణ స్వీకారం తేదీకి అడ్డు రాకుండా, ఆవులు ఈనే ఫిబ్రవరి, మార్చిలో ఆరు వారాలు వెళ్లండి. రాత్రి రెండింటికి కొట్టంలో నాన్నగారి పక్కన నిలబడండి. సోమవారం పొద్దున దగ్గరి ఊళ్లో పని కోసం నలుగురిని అడగండి. మీకు కావలసింది పొలమా, నాన్నగారా, పోయిన ఆ రోజులా అన్నది అప్పుడు తెలుస్తుంది.

పొలం సంగతి ఆయనతో ఇప్పుడే మాట్లాడాలి. "వచ్చే ఏడాది చూద్దాం" అంటూ దాటేస్తే ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేక ఒంటరిగా లాక్కొస్తారు, అసలు నష్టం అదే. ఐర్లండ్‌లో ఐదేళ్లు, ఆపైన కౌలుకిస్తే ఆ ఆదాయంపై కొంత పరిమితి దాకా ఆదాయపు పన్ను ఉండదు. పదకొండు నెలల కౌలుకి ఆ మినహాయింపు రాదు. ఇప్పుడు ఐదేళ్లకి ఇస్తే అది ముగిసేసరికి మీకు 33. వ్యవసాయ శిక్షణ (గ్రీన్ సర్టిఫికెట్) పూర్తిచేసి 35 నిండకముందు భూమి బదిలీ చేయించుకుంటే స్టాంప్ డ్యూటీ మినహాయింపు కూడా ఉంది. ఆయనతో ఇలా అనండి: "నాన్నా, 33 లోపు తేల్చి చెబుతాను. అప్పటిదాకా పొలం అమ్మొద్దు, ఓపిక లేకపోతే కౌలుకివ్వండి." ఆదివారం పెర్త్‌లో రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే చలికాలంలో అక్కడ మధ్యాహ్నం పన్నెండు, ఆయన తీరిగ్గా ఉండే వేళ.

ఆ అమ్మాయికి ఇవన్నీ ఈ వారమే చెప్పండి. పెళ్లి కాకుండా భాగస్వామిగా ఆమెను ఐర్లండ్ తీసుకెళ్లాలంటే, ప్రయాణానికి ముందే అనుమతి తీసుకోవాలి, రెండేళ్లు కలిసి ఉన్నట్టు రుజువులు చూపాలి. ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లులు ఇప్పటి నుంచే దాచండి. వస్తానో రానో చెప్పే హక్కు ఆమెకి పూర్తిగా ఉంది.

డబ్బు లెక్కలో చాలామంది ఒకచోట పొరబడతారు: ఇక్కడి సూపర్ ఫండ్‌ని (రిటైర్మెంట్ కోసం జమయ్యే డబ్బుని) అక్కడి ఇంటికి డిపాజిట్‌గా అనుకుంటారు. పీఆర్ ఉన్నవాళ్లు దేశం విడిచినంత మాత్రాన ఆ డబ్బు చేతికి రాదు, మామూలుగా అరవై దాకా ఆగాల్సిందే. ఐర్లండ్‌లో మీ సేఫ్ పాస్ కార్డు (నిర్మాణ పనుల భద్రతా శిక్షణ కార్డు) గడువు నాలుగేళ్లే కాబట్టి అయిపోయి ఉంటుంది. అది లేకుండా అక్కడ నిర్మాణ పనుల్లోకి రానివ్వరు. ఒక్క రోజు కోర్సుతో మళ్లీ తీసుకోవచ్చు.

నిద్ర సంగతి వాయిదా వేయొద్దు. డాక్టర్ దగ్గరికెళ్లి మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ అడగండి, మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం) కింద ఏడాదికి పది సిట్టింగుల దాకా కొంత ఖర్చు తిరిగి వస్తుంది. పెర్త్‌లోనే క్లాడా అసోసియేషన్ ఉంది, కష్టంలో ఉన్న ఐరిష్ వాళ్లకి తోడుండటమే దాని పని. మీ యాసలో మాట్లాడేవాళ్లు అక్కడ దొరుకుతారు, ముందు వాళ్లకి ఫోన్ చేయండి.