సముద్రతీరంలో పూలమడికి ఏ మొక్కలు నిలుస్తాయి?

విశాఖపట్నం సాగర్ నగర్‌లో ఇంటి ముందున్న చిన్న మడిలో అక్టోబరులో నాటిన పెటూనియాలు నెల తిరగకుండానే కుళ్ళిపోయాయని, ఏడాది పొడవునా పూలు ఉండాలంటే ఏమి నాటాలని మీరు అడిగారు. ఎంవీపీ కాలనీలో 2012 నుంచి నేను అటువంటి మడినే పెంచుతున్నాను. మొదటి రెండేళ్ళు నా పెటూనియాలు కూడా ఇలాగే పోయాయి.

పొరపాటు మొక్కది కాదు, నాటిన వేళది. పెటూనియా చలికాలపు మొక్క, తడి నిలిస్తే ఓర్చుకోలేదు. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాల కాలం. నవంబరు చివర వానలు తెరిపి ఇచ్చాక నాటితే మార్చి ఎండలు ముదిరేదాకా పూస్తుంది. సంక్రాంతికి బంతి కావాలంటే మాత్రం అక్టోబరులోనే చూరు కింద, వాన పడనిచోట, ట్రేలో నారు పోసుకోవాలి. నాటిన మొక్క జానెడు ఎత్తుకు రాగానే తల గిల్లితే పక్క కొమ్మలు వేసి గుబురుగా పూస్తుంది. గిల్లడానికి చాలామందికి మనసొప్పదు, నాకూ మొదట్లో ఒప్పలేదు.

వేసవికి నా నమ్మకమంతా బిళ్ళగన్నేరు మీద, నర్సరీల వాళ్ళు టేబుల్ రోజ్ అని పిలిచే గడ్డి గులాబీ మీద ఉంది. ఈ రెండూ ఎండకు, ఉప్పుగాలికి బాగా తట్టుకుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు మా మడిలో పొడుగు మొక్కలన్నీ నేలకొరిగాయి. నేలను అంటిపెట్టుకున్న గడ్డి గులాబీ మాత్రం కొద్దివారాల్లోనే మళ్ళీ చిగిర్చింది. దాని కొమ్మ ముక్క గుచ్చితే చాలు, వేరు పడుతుంది. బిళ్ళగన్నేరుకు మాత్రం వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే, పచ్చగా ఉన్న మొక్క కూడా ఉన్నట్టుండి వాడి చనిపోతుంది.

అందుకే మడిని నేలకంటే అరడుగు ఎత్తు చేయండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఏటి ఇసుక, దానిలో రెండు గుప్పిళ్ళ వేపపిండి కలిపితే సరిపోతుంది. దగ్గరలో ఉంది కదా అని బీచ్ ఇసుకను మాత్రం తేవద్దు, దానిలోని ఉప్పు వేళ్ళకు చేటు. గాలి బలంగా వీచిన మర్నాడు ఉదయం ఆకుల మీద మంచినీళ్ళు చల్లి ఉప్పు కడిగేయండి. సాయంత్రం తడిపితే ఆకులు రాత్రంతా ఆరక తెగులు పడతాయి.

నర్సరీలో నిండా పూసిన మొక్కకంటే, మొగ్గ తొడుగుతున్న పొట్టి మొక్కను ఎంచుకోండి. నాటిన తరువాత త్వరగా వేరూనేది అదే.